అమెరికా ప్రెసిడెంటు మీద వాదన పెట్టుకోవాలంటే: చమురు, గ్యాసు, సోలారు, మధ్యలో మన రొయ్య

అమెరికాలో ఎలక్షన్ దగ్గరపడుతుంటే మన గోదావరి జిల్లాల్లో టీ కొట్టుల దగ్గరా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎంత వేడి ఉంటదో తెలిసిందే కదండీ. 2024లో అయితే మరీనూ, వైస్ ప్రెసిడెంట్ గా నిలబడ్డాయన భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకులది తణుకు పక్కన వడ్లూరు అని పేపర్లో వచ్చాక అది మన ఎలక్షనే అయిపోయింది. వాదించడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, వెటకారం అసలే నేర్పక్కర్లేదు, కానీ పర్యావరణం మీదా చమురు, కరెంటు మీదా ప్రెసిడెంటు ఏం చేసాడు అన్న మాట వచ్చేసరికి మాత్రం "మావోడు మొనగాడు, మీవోడు తేడా" దగ్గరే ఆగిపోతాం. ఇంట్లో గానీ, ఊళ్ళో లైబ్రరీలో గానీ, జూమ్ లో గానీ ఈ టాపిక్ మీద కాస్త పద్ధతిగా డిబేట్ పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఎలా చెయ్యాలో నాకు తెలిసింది చెప్తాను.

ముందు టాపిక్ ని బాగా చిన్నది చెయ్యండి. "ట్రంప్ ఎనర్జీ పాలసీ మంచిదా కాదా" అంటే తెల్లార్లూ మాట్లాడినా తేలదు, ఎందుకంటే ఒకళ్ళు పెట్రోలు గురించి మాట్లాడతా ఉంటారు, ఇంకోళ్ళు అడవుల గురించి, మూడోవాడు వచ్చి హెచ్ వన్ వీసా ఎత్తుతాడు, ఇక అయిపోయినట్టే. "భూమి వేడెక్కకుండా దేశాలన్నీ కలిసి చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి బయటికి రావడం అమెరికాకి లాభమా", "ఎలక్ట్రిక్ కారు కొనేవాడికి ప్రభుత్వం డబ్బులివ్వాలా", "రష్యా చమురు కొన్నందుకు ఇండియా మీద సుంకం వెయ్యడం న్యాయమా" — ఇలా ఒక్క లైన్లో, అవును లేక కాదు అని చెప్పగలిగేలా ఉండాలి. ఆ లైన్ని కాగితం మీద రాసి అందరికీ కనపడేలా పెట్టండి, ఎవరన్నా పక్కకెళ్తే మాట్లాడకుండా వేలు చూపిస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి, నా లెక్కలో సగం గొడవ ఇక్కడే తేలిపోద్ది. ఎవరన్నా "ప్రెసిడెంటు ఫలానా పని చేసాడు" అనగానే అడగాల్సింది ఒకటే, ఏ కాగితంతో చేసాడండీ అని. సంతకం పెట్టిన ఆర్డరా, కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, పాస్ చేసిన చట్టమా, పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన రూలా, లేకపోతే మైకు ముందు చెప్పిన మాటేనా. ఎందుకంటే ఒక్కోదాని ఆయుష్షు ఒక్కోలా ఉంటది.

ఆర్డర్ సంగతి చూడండి. పారిస్ ఒప్పందంలో ఒబామా 2016లో సెనేట్ కి, అంటే అక్కడి పార్లమెంటు పైసభకి, వెళ్ళకుండా తన అధికారంతోనే చేరాడు. ట్రంప్ 2017 జూన్ 1న బయటికి వచ్చేస్తున్నాం అన్నాడు, కానీ ఒప్పందంలో ఉన్న గడువుల వల్ల అది అమల్లోకి వచ్చేసరికి 2020 నవంబర్ 4 అయింది, అంటే ఆయన ఓడిన ఎలక్షన్ కి మర్నాడు. బైడెన్ 2021 జనవరి 20న, కుర్చీ ఎక్కిన రోజే మళ్ళీ చేరడానికి సంతకం పెట్టాడు. ట్రంప్ మళ్ళీ గెలిచి 2025 జనవరి 20న బయటికి అని సంతకం పెట్టాడు. కీస్టోన్ ఎక్స్ఎల్ అని కెనడా నుంచి వేద్దామనుకున్న చమురు పైప్‌లైన్ కూడా అంతే, ఒబామా 2015లో వద్దన్నాడు, ట్రంప్ 2017లో సరే అన్నాడు, బైడెన్ మొదటిరోజే రద్దు చేసాడు, ఆఖరికి ఆ కంపెనీయే విసుగొచ్చి 2021 జూన్ లో మానుకుంది. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోద్ది.

చట్టమైతే కాస్త గట్టిది, అలాగని శాశ్వతం ఏం కాదు. 2022లో బైడెన్ టైములో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ పేరుకి ధరల గురించే గానీ లోపల సోలారు, విండు, బ్యాటరీలు, ఎలక్ట్రిక్ కార్లకి సుమారు 369 బిలియన్ డాలర్లు పెట్టారు. సెనేట్ లో 50-50 అయితే వైస్ ప్రెసిడెంట్ కమలా హారిస్ వేసిన ఒక్క ఓటుతో గట్టెక్కింది. మూడేళ్ళు తిరక్కుండా 2025 జులై 1న అదే సెనేట్ లో మళ్ళీ 50-50, ఈసారి ఓటేసి గట్టెక్కించింది మన వడ్లూరు అల్లుడు జేడీ వాన్స్, జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన ఆ చట్టంతో కొత్త ఎలక్ట్రిక్ కారుకి ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళకి ఇచ్చే 30 శాతం రాయితీ డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఇది డిబేట్ లో వాడండి, బాగా పనిచేస్తది, ఎందుకంటే ప్రెసిడెంటు ఎంత పెద్దోడైనా సెనేట్ లో ఒక్క ఓటు అటైతే ఈ రెండు చట్టాలూ ఉండేవి కాదు, కాబట్టి మొత్తం పుణ్యం గానీ పాపం గానీ ఆయన ఒక్కడి నెత్తినే రాయకూడదు.

రూలు సంగతి కోర్టులు చూసుకుంటాయి. ఒబామా 2015లో క్లీన్ పవర్ ప్లాన్ అని కరెంటు ప్లాంట్ల పొగ తగ్గించడానికి రూలు తెచ్చాడు, 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆపేసింది, అది ఒక్కరోజు కూడా అమలవ్వలేదు. 2022 జూన్ లో అదే కోర్టు వెస్ట్ వర్జీనియా కేసులో, ఇంత పెద్ద మార్పు చెయ్యడానికి కాంగ్రెస్ స్పష్టంగా అధికారం ఇవ్వాలి, ఈపీఏ సొంతంగా చెయ్యలేదు అని చెప్పింది. కాబట్టి "ఒబామా బొగ్గుని చంపేసాడు" అని ఎవరన్నా అంటే, ఏ రూలుతో బాబాయ్, అది అమల్లోకి ఎప్పుడొచ్చింది అని మెల్లగా అడగండి. గట్టిగా అరవక్కర్లేదు.

ఇక తప్పకుండా వచ్చే వాదన పెట్రోలు రేటు. డల్లాస్ లో ఉన్న బావ ఫోన్లో "ట్రంప్ టైములో గాలన్ రెండు డాలర్ల లోపు కొట్టించాను, బైడెన్ టైములో ఐదు అయింది" అంటాడు, రెండూ నిజమే. ఒక గాలన్ అంటే మన లెక్కలో 3.8 లీటర్లు దగ్గర. కానీ ఆ చవక రేటు 2020 ఏప్రిల్ లో, కరోనాకి కార్లన్నీ ఇంట్లో పెట్టుకుని కూర్చున్నప్పటిది, ఆ నెల 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ రేటు (ముందు తేదీకి సరుకు తీసుకుంటామని కుదుర్చుకునే బేరం) సున్నా కంటే కిందకి పోయింది, ఎదురు డబ్బులిచ్చి తీసుకెళ్ళమన్న రోజు. ఐదు డాలర్లు 2022 జూన్ లో, రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక. ఇందులో ప్రెసిడెంట్ల చెయ్యి ఎంత? కొబ్బరికాయ రేటు పడిపోయిందని అంబాజీపేట మార్కెట్లో గుమస్తా మీద పడితే ఎంత న్యాయమో ఇదీ అంతే. అసలు ఏమీ చెయ్యలేరని కాదండోయ్, బైడెన్ ఆ ఏడాది ప్రభుత్వ అత్యవసర నిల్వల్లోంచి 180 మిలియన్ బ్యారెళ్ళు వదలమన్నాడు, అది ఎలక్షన్ కోసమా జనం కోసమా అనేది మంచి డిబేట్ పాయింటు, దాని మీద వాదించుకోండి.

దాంతోపాటే వచ్చే ఇంకో మాట, బైడెన్ చమురు తవ్వకాలు ఆపేసాడని. అమెరికా రోజుకి తీసే ముడిచమురు 2019లో, అంటే ట్రంప్ మొదటి టర్మ్ లో, సగటున 12.3 మిలియన్ బ్యారెళ్ళు, అప్పటికి అది రికార్డు. 2023లో 12.9, 2024లో 13.2, ఆ రికార్డులు బైడెన్ టైములోవి. ఇది చెప్తే బైడెన్ వైపువాళ్ళు సంబరపడిపోకండి, పర్యావరణం కోసం ఓటేసిన కుర్రాళ్ళు ఆయన్ని తిట్టింది కూడా ఇందుకే, 2023 మార్చిలో అలాస్కాలో విల్లో అనే చమురు ప్రాజెక్టుకి ఒప్పుకున్నాడని. ఇటువైపు ట్రంప్ బొగ్గు గనులు మళ్ళీ తెరిపిస్తానని గెలిచాడు, మొదటి టర్మ్ నాలుగేళ్ళూ బొగ్గు కరెంటు తగ్గుతానే పోయింది. 2005లో అమెరికా కరెంటులో సగం దాకా బొగ్గుదే, 2023కి ఆరో వంతు కూడా లేదు, కారణం ముఖ్యంగా రాతిపొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ చవకైపోవడం, ఆ తర్వాత గాలీ ఎండా. వాళ్ళ చమురులో సుమారు నాలుగో వంతే కేంద్ర ప్రభుత్వ భూముల్లోంచి, సముద్రంలోంచి వస్తది, మిగిలిందంతా ఎక్కువగా ప్రైవేటు భూములూ రాష్ట్రాల భూములే, అక్కడ ప్రెసిడెంటు మాట అంతగా చెల్లదు.

ఇక్కడ మన కోనసీమ వాళ్ళకి ఒకటి వివరంగా చెప్పాలి, లేకపోతే వాదన తప్పుదారి పడతది. "డ్రిల్ బేబీ డ్రిల్", అంటే చమురు కోసం తవ్వండి అన్న నినాదానికి టెక్సాస్ లో రైతు చప్పట్లు కొడుతుంటే మనోళ్ళకి వింతగా ఉంటది, ఎందుకంటే రాజోలు, మామిడికుదురు వైపు రిగ్గు అంటే గుర్తొచ్చేది 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే బావిలోంచి గ్యాస్ ఎగదన్నడం, రెండు నెలలు పైన ఆరని మంట, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో తెల్లారుజామున గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోవడం. తేడా ఏంటంటే అమెరికాలో చాలాచోట్ల భూమి కింద ఉన్న చమురూ గ్యాసూ కూడా భూమి సొంతదారుడివే అవ్వొచ్చు, కంపెనీ తవ్వితే ఆయనకి రాయల్టీ నెలనెలా వస్తది. మన దగ్గర భూమి కింద చమురు ప్రభుత్వానిది, రైతుకి పైన పొలం తాలూకు నష్టపరిహారమే, రాయల్టీ రాష్ట్ర ఖజానాకి పోద్ది. అక్కడ తవ్వకం వద్దంటే వాళ్ళ జేబులో డబ్బు పోయినట్టు, ఇక్కడ తవ్వకం అంటే భయం మనది, ఆదాయం వేరేవాళ్ళది. ఈ ఒక్క ముక్క చెప్తే అక్కడ జనం అలా ఎందుకు ఓటేస్తారో తిట్టుకోకుండా అర్థం చేసుకోవచ్చు. డ్రిల్లింగ్ టాపిక్ పెట్టుకుంటే మాత్రం ఆ ఊళ్ళవాళ్ళెవరన్నా ఉంటే ముందు వాళ్ళనే మాట్లాడనివ్వండి, మిగతావాళ్ళు తర్వాత.

పార్టీ పేరు చూసి ముందే తీర్పు ఇచ్చేసేవాళ్ళ కోసం కొంచెం పాత చరిత్ర దగ్గర పెట్టుకోండి. ఈపీఏ ని 1970లో పెట్టింది నిక్సన్, రిపబ్లికన్. 1979లో వైట్ హౌస్ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించింది కార్టర్, 1986లో రీగన్ టైములో తీసేసారు, కానీ అదే రీగన్ టైములోనే 1987లో ఓజోన్ పొర కోసం మాంట్రియల్ ఒప్పందం మీద అమెరికా సంతకం పెట్టింది. యాసిడ్ వాన తగ్గించిన 1990 చట్టం మీద సంతకం పెద్ద బుష్ ది. పార్కులకీ భూముల రక్షణకీ ఏటా 900 మిలియన్ డాలర్లు ఖాయం చేసిన 2020 చట్టం మీద సంతకం ట్రంప్ ది. గాలిమరల కరెంటులో అమెరికాలో మొదటి స్థానం టెక్సాస్ ది, అక్కడ ఎన్నో ఏళ్ళుగా రిపబ్లికన్ల పాలనే. ఆ టెక్సాస్ లోనే 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు పోయి జనం చలికి చచ్చిపోతే గాలిమరలదే తప్పన్నారు కొందరు, గడ్డకట్టినవాటిలో అవీ ఉన్నాయి గానీ ఎక్కువగా ఆగిపోయింది గ్యాస్ ప్లాంట్లూ గ్యాస్ సరఫరానే.

మన రొయ్య దగ్గరికొద్దాం, నాకు తెలిసి ఇక్కడ డిబేట్ కి ఇంతకంటే మంచి టాపిక్ లేదు. 2025 ఆగస్టు 7 నుంచి ఇండియా సరుకు మీద ట్రంప్ 25 శాతం సుంకం వేసాడు, ఆగస్టు 27 నుంచి ఇంకో 25, ఈ రెండోది ఎందుకంటే మనం రష్యా చమురు కొంటున్నామని. అంటే ఇది పేరుకి వ్యాపారం గానీ చమురు రాజకీయమే. మరీ చవకగా తెచ్చి అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకాలు అప్పటికే ఉన్నాయి, అవి వేరే. పోటీగా ఉన్న ఈక్వెడార్ రొయ్యకి అప్పుడు 15 శాతమే. మన వనామీకి పెద్ద కొనుగోలుదారు అమెరికానే కాబట్టి చెరువు గట్టు మీద ఆ దెబ్బ ఎలా తెలిసిందో భీమవరం, ఉండి, ఆకివీడు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రష్యా దగ్గర మనకంటే ఎక్కువ కొనే చైనా మీద ఈ జరిమానా వెయ్యలేదు కదా అని ఒకవైపు, రష్యాకి యుద్ధం ఖర్చులు చమురు అమ్మకాల మీదే వస్తున్నాయి కాబట్టి ఎక్కడో ఒకచోట నొక్కాలి కదా అని ఇంకోవైపు, రెండూ బలంగానే నిలబడతాయి. ఒకటే జాగ్రత్త, సుంకాల రేట్లు నెలనెలా మారతా ఉంటాయి, ఏ అంకె చెప్పినా ఏ తేదీనాటిదో కలిపి చెప్పాలి, డిబేట్ రోజు పొద్దున ఒకసారి చూసుకోవాలి.

రొయ్యతోనే ఇంకోటి. అమెరికాలో 1989 నాటి చట్టం ఒకటి ఉంది, సముద్రంలో వలతో రొయ్య పట్టేటప్పుడు తాబేళ్ళు తప్పించుకునే పరికరం లేకపోతే ఆ రొయ్య కొనకూడదని. దీని మీద ఇండియా ఇంకో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకి వెళ్ళింది, 1998లో తీర్పు కూడా వచ్చింది. ఇప్పుడు ఆ నిబంధన వల్లే మన సముద్రపు రొయ్య అమెరికాకి వెళ్ళట్లేదు, చెరువు రొయ్యకి అది వర్తించదు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ కి ఏటా గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గురించి మనమే పెద్దగా పట్టించుకోం, అమెరికా చట్టం పట్టించుకుంటోంది. అది పర్యావరణ ప్రేమా, వాళ్ళ లూసియానా జాలర్లని కాపాడుకునే ఎత్తా? ఇంటర్ పిల్లలకి ఈ టాపిక్ ఇచ్చి చూడండి, పెద్దోళ్ళకంటే బాగా వాదిస్తారు.

గ్యాసు గురించి కూడా ఒక ముక్క తెలిస్తే మంచిది. 2014 నవంబర్ నుంచి 2023 ఏప్రిల్ దాకా మన కోనసీమలో ఓఎన్జీసీ తీసే గ్యాస్ కి ప్రభుత్వం కట్టిన ధర నాలుగు విదేశీ ధరల సగటు మీద ఉండేది, అందులో ఒకటి హెన్రీ హబ్ అనే అమెరికా గ్యాస్ మార్కెట్ ధర. తర్వాత ఫార్ములా మార్చి ముడిచమురు ధరలో 10 శాతానికి ముడిపెట్టి, పైన కింద పరిమితి పెట్టారు. 2018 నుంచి గెయిల్ కి అమెరికా నుంచి ఓడల్లో ద్రవ గ్యాస్ వస్తా ఉంది. బైడెన్ 2024 జనవరిలో కొత్త గ్యాస్ ఎగుమతి పర్మిట్లు ఆపినప్పుడు, ట్రంప్ వచ్చి ఆ ఆపుదల ఎత్తేసినప్పుడు "మనకేంటి" అన్నవాడికి ఇది చెప్పండి.

అయితే అన్నీ లాక్కొచ్చి అమెరికా ప్రెసిడెంటుకి తగిలించకండి. ఉప్పాడలో సముద్రం ఊరి మీదకొచ్చిందంటే ట్రంప్ పారిస్ నుంచి బయటికెళ్ళడం వల్ల అంటే నవ్వుతారు. సముద్రమట్టం పెరగడం ఒక కారణమే, కానీ పైన డ్యాముల దగ్గర ఆగిపోయే ఒండ్రు, డెల్టా నేల కుంగడం, మడ అడవులు కొట్టేసి చెరువులు తవ్వడం, వీటన్నిటిదీ చెయ్యి ఉంది, చివరిదైతే పూర్తిగా మనదే.

చైనా, ఇండియా పేరెత్తే వాదన ఎలాగూ వస్తది, "వాళ్ళు పొగ వదులుతుంటే మేమెందుకు ఆపాలి" అని. ఇప్పుడు ఏటా ఎక్కువ వదిలేది చైనా, తర్వాత అమెరికా, తర్వాత మనం, అది ఒప్పుకోండి, దాచకండి. ఒప్పుకున్నాక మనిషికెంత అని అడగండి, అమెరికాలో సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నుల చుట్టుపక్కల. మొదట్నుంచీ అన్నేళ్ళదీ కలిపితే అందరికంటే ఎక్కువ అమెరికాదే. సబ్సిడీల మీద మాత్రం మనోళ్ళు కొంచెం చూసుకుని మాట్లాడాలి, రొయ్యల చెరువుల్లో ఏరేటర్లకి యూనిట్ రూపాయిన్నర కరెంటు తీసుకుంటా "అమెరికాలో సోలార్ కి జనం డబ్బు తగలేసారు" అని ఉపన్యాసం ఇస్తే పక్కనున్నోడు ఊరుకోడు, ఆయ్.

డిబేట్ రోజు సంగతులు. రెండు వైపులా ఇద్దరిద్దరు చాలు, ఒక్కోళ్ళకి ఐదు నిమిషాలు, ఎదుటివాళ్ళు ప్రశ్నలడగడానికి మూడు. తర్వాత వైపులు మార్చండి, ట్రంప్ అభిమాని ఐదు నిమిషాలు బైడెన్ తరఫున, బైడెన్ అభిమాని ట్రంప్ తరఫున, వెటకారం లేకుండా నిజంగా గెలిపించాలన్నట్టు. ఇది మొదట్లో ఎవరూ ఒప్పుకోరు, పెద్దనాన్నలాంటి వాళ్ళయితే అలుగుతారు కూడా, అయినా వదలొద్దు, ఎదుటివాడి వాదనలో బలం ఎక్కడుందో నోటితో చెప్తే తప్ప బుర్రకెక్కదు. మధ్యలో కూర్చునేవాళ్ళు ఇద్దరికీ చుట్టం కాకపోతే మేలు, మన ఊళ్ళల్లో అలాంటివాళ్ళు దొరకరు గనక కనీసం గడియారం పట్టుకున్నప్పుడు మొహమాటం లేనివాళ్ళయినా ఉండాలి, స్కూల్లో చెప్పి రిటైరైన మేష్టారుగారో టీచరుగారో అయితే సరిగ్గా సరిపోతారు. ఫార్వర్డ్ మెసేజ్ ని ఆధారంగా ఒప్పుకోవద్దు. చమురు, కరెంటు అంకెలకి అమెరికా ఎనర్జీ శాఖ కింద ఉండే ఈఐఏ సైట్ ఉంది, ప్రెసిడెంటు ఆర్డర్లన్నీ ఫెడరల్ రిజిస్టర్ లో, అంటే అక్కడి ప్రభుత్వ గెజిట్ లో ఉంటాయి, ఎవరన్నా ఆర్డర్ అన్నారంటే అక్కడ తీసి చూపించాలి.

అక్కడున్న మనవాళ్ళని ఫోన్లో కలిపేటప్పుడు "నువ్వెవరికేస్తున్నావ్" అని అందరి ముందూ అడక్కండి. చాలామందికి అసలు ఓటే ఉండదు, హెచ్ వన్ వాళ్ళకీ గ్రీన్ కార్డు వాళ్ళకీ ప్రెసిడెంట్ ఎలక్షన్లో ఓటు లేదు, పౌరసత్వం వచ్చినవాళ్ళకే, కొందరికి ఆ మాట పైకి చెప్పడం ఇష్టముండదు. టైము చూసుకోండి, అక్టోబర్ లో మన రాత్రి తొమ్మిదిన్నరకి డల్లాస్ లో పొద్దున పదకొండు. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ప్రెసిడెంట్ ఎలక్షన్ ఎప్పుడూ మొదటి సోమవారం తర్వాతొచ్చే మంగళవారం, కాబట్టి ఎలక్షన్ ముందు ఆఖరి ఆదివారం డిబేట్ పెట్టుకున్నారంటే చాలాసార్లు మన తొమ్మిదిన్నరకి వాళ్ళకి పదే అవుతది (ఎలక్షన్ నవంబర్ 2న పడితే మాత్రం ఆ ఆదివారానికి గడియారాలు ఇంకా మారవు), జూమ్ లింకు పంపేటప్పుడు రెండు టైములూ రాసి పంపండి.